‘నీవు ఎక్కడ ఉన్నావు?’: ఆదికాండంలో దేవుడు ఉన్న చోటు గురించి పాత యూదుల వాదనలు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: ‘బైబిలు మొదటి పుస్తకమైన ఆదికాండం మొదటి అధ్యాయంలో దేవుడు కనబడడు, మాట మాత్రం వినబడుతుంది. రెండో అధ్యాయానికి వచ్చేసరికి అదే దేవుడు మన్ను తీసుకుని మనిషిని చేస్తాడు, తోట వేస్తాడు, చల్లపూట అందులో తిరుగుతాడు. దేవుడు సృష్టికి బయట ఉన్నాడా, లోపల ఉన్నాడా? పాతకాలపు యూదులు ఈ తేడాను ఎలా సర్దుకున్నారు?’

సర్దుకోలేదు. రెండు కథలనూ పక్కపక్కనే ఉంచి, వెయ్యేళ్ల పాటు వాటి మీద వాదించుకున్నారు. హీబ్రూ బైబిలు చదువుతూ, చెబుతూ ఇరవై ఏళ్లు గడిచాక నాకు అర్థమైంది ఒకటి. ఈ వాదనల్లో ఎవరూ ‘సృష్టి ఎలా జరిగింది’ అన్నదాని మీద పెద్దగా తలలు బద్దలు కొట్టుకోలేదు. ‘ఇప్పుడు దేవుడు ఎక్కడ దొరుకుతాడు’ అన్నదే వాళ్ల టెన్షన్. యెరూషలేము గుడి ఉన్నప్పుడు ఒకలా చదివారు, గుడి కూలినప్పుడు ఇంకోలా చదివారు, గ్రీకు నగరంలో కాపురం పెట్టినవాళ్లు మరోలా చదివారు.

ముందు మూలం సంగతి. తెలుగు బైబిలు తెరిచి చూడండి. మొదటి అధ్యాయమంతా ‘దేవుడు’ అనే ఉంటుంది. రెండో అధ్యాయం నాలుగో వచనం నుంచి ‘దేవుడైన యెహోవా’ అని మారుతుంది. హీబ్రూలో మొదటిది ఎలోహీమ్, రెండోది యెహోవా ఎలోహీమ్. పేరు మారినచోటే క్రియలూ మారతాయి. మొదటి కథలో ‘బారా’, అంటే సృజించు. హీబ్రూ బైబిల్లో ఈ రూపంలో ఈ క్రియకు కర్త ఎప్పుడూ దేవుడే, మనుషులకు వాడరు. రెండో కథలో ‘యాత్సర్’, అంటే కుమ్మరి మట్టితో కుండ చేసినట్టు చేయడం. ‘కుమ్మరి’ అనే మాట కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. 1753లో ఝాన్ ఆస్త్రుక్ అనే ఫ్రెంచి వైద్యుడు ఈ పేర్ల తేడాను పట్టుకుని, సంప్రదాయం ప్రకారం ఆదికాండం రాసిన మోషే దగ్గర రెండు వేర్వేరు పాత కథనాలు ఉండి ఉండాలని రాశాడు. ఆ దారిలో నడిచిన పండితుల్లో ఎక్కువమంది ఇప్పుడు మొదటి కథను యెరూషలేము యాజకుల వర్గం రాసిందనీ, రెండోది వేరే చేతి రాత అనీ అంటారు.

ఇక్కడే చాలామంది ఒక తొందరపాటు చేస్తారు. మొదటి కథలో దేవుడు దూరంగా ఉన్నాడు, రెండో కథలో దగ్గరగా ఉన్నాడు, అంతే కదా అని పుస్తకం మూసేస్తారు. నాకు అది సరిగా అనిపించదు. మొదటి కథలో రెండో వచనం దగ్గర కాస్త ఆగండి. ‘దేవుని ఆత్మ జలములపైన అల్లాడుచుండెను.’ మనకు ఈరోజు ‘అల్లాడటం’ అంటే నీళ్లు లేక అల్లాడిపోవడం, పిల్లాడికి జ్వరమొస్తే తల్లి అల్లాడిపోవడం. అందుకే ఈ వాక్యం మనవాళ్లకు వింతగా వినబడుతుంది. పాత అర్థం మాత్రం కదలాడటం, రెక్కలాడినట్టు ఆడటం. హీబ్రూ మాట ‘మెరఖెఫెత్’. ఈ రూపంలో ఈ క్రియ తోరా మొత్తంలో, అంటే బైబిలు మొదటి ఐదు పుస్తకాల్లో, ఇంకొక్కచోటే వస్తుంది. ద్వితీయోపదేశకాండం 32లో, పక్షిరాజు తన పిల్లల మీద రెక్కలాడించే వచనంలో. తెలుగులోకి తెచ్చినవాళ్లు అక్కడ కూడా ‘అల్లాడు’ అనే మాటే వేశారు. హీబ్రూలో ఉన్న ఆ లంకెను తెగకుండా కాపాడారన్నమాట. చాలా ఇంగ్లిష్ అనువాదాల్లో ఆ లంకె కనబడదు. కాబట్టి ‘వెలుగు కలుగుగాక’ అనే ఆజ్ఞకు ముందే, చీకట్లో, నీళ్ల మీద, పిల్లల మీద వాలబోయే పక్షిలా ఏదో ఉంది. ఇది దూరం అనడానికి నాకు నోరు రాదు.

ఈ వచనం మీద తల్ముదులో, అంటే రబ్బీలనే యూదు గురువుల వాదనలు కూర్చిన గ్రంథంలో, ఒక కథ ఉంది. రబ్బీ యెహోషువ యెరూషలేము గుడికొండ మెట్టు మీద నిలబడి ఉంటే, బెన్ జోమా అనే పండితుడు ఎదురుగా వచ్చి కూడా లేచి గౌరవించలేదట. ‘ఎక్కడినుంచి ఎక్కడికి బెన్ జోమా?’ అని అడిగాడు పెద్దాయన. ‘పై నీళ్లకూ కింది నీళ్లకూ మధ్య ఎంత ఎడం ఉందో చూస్తున్నాను. మూడు వేళ్ల మందమే ఉంది. పావురం తన పిల్లల మీద తాకీ తాకకుండా ఆడినట్టు’ అన్నాడు బెన్ జోమా. రబ్బీ యెహోషువ తన శిష్యులవైపు తిరిగి ‘బెన్ జోమా ఇంకా బయటే ఉన్నాడు’ అన్నాడు. ‘బయట’ అంటే మతి బయటనా, సత్యానికి బయటనా అన్నది ఇంకా తేలలేదు. నాకు ఈ కథలో నచ్చేది ఆ కొలత. తాకీ తాకకుండా, మూడు వేళ్లు. దేవుడికీ లోకానికీ మధ్య ఎడం ఎంత అన్న ప్రశ్నకు ఇంత కచ్చితమైన జవాబు ఇచ్చినవాణ్ణి ‘బయట’ ఉన్నవాడిగా లెక్కేశారు.

అసలు ఈ విషయాన్ని బహిరంగంగా చెప్పడమే నిషేధం. సుమారు క్రీ.శ. 200లో కూర్చిన రబ్బీల నియమాల గ్రంథం మిష్నాలో, హగీగా భాగంలో నియమం ఉంది. సృష్టి వృత్తాంతాన్ని ఇద్దరి ముందు వివరించకూడదు, అంటే గురువుకు ఎదురుగా ఒక్క శిష్యుడే ఉండాలి. ప్రవక్త యెహెజ్కేలు దర్శనంలో చూసిన దేవుడి రథం సంగతైతే, సొంతంగా గ్రహించగల జ్ఞాని అయితే తప్ప ఆ ఒక్కడికి కూడా చెప్పకూడదు. మనం దాని మీద ఇలా అందరూ చదివేచోట రాసుకుంటున్నాం, వాళ్లు వింటే ఏమనేవారో!

మొదటి కథకు తిరిగి వస్తాను, దాని ముగింపు దగ్గర అసలు విషయం ఉంది. బాబిలోను సృష్టికథ ఎనూమా ఎలిష్‌లో మర్దూక్ సముద్రదేవత తియామత్‌ను చంపి, ఆమె దేహాన్ని చీల్చి ఆకాశం చేస్తాడు. మనుషుల్ని చేశాక దేవతలు ఆయనకు బాబిలోనులో ఎసగిలా అనే గుడి కడతారు. ఆ ప్రాంతపు కథల్లో సృష్టి పూర్తయితే దేవుడికి ఒక ఇల్లు కావాలి, అందులో ఆయన విశ్రాంతి తీసుకోవాలి. ఆదికాండం మొదటి కథలో కూడా విశ్రాంతి ఉంది. గుడి మాత్రం లేదు. గుడి ఉండాల్సిన చోట ఏడో రోజు ఉంది. క్రీ.పూ. 586లో బాబిలోనువాళ్లు యెరూషలేము గుడిని తగలబెట్టి జనాన్ని ఎత్తుకుపోయిన కాలంలోనో, ఆ తర్వాత కొద్దికాలానికో ఈ కథ ఇప్పటి రూపానికి వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. అలాగైతే ఆ రాసినవాళ్ల బాధ తేలిగ్గానే అర్థమవుతుంది. చోటు పోయింది. కాలం మిగిలింది. విశ్రాంతిదినాన్ని ఏ సైన్యమూ తగలబెట్టలేదు.

ఇది నా ఊహ మాత్రమే కాదు, మూలంలో దారాలు ఉన్నాయి. నిర్గమకాండం చివర ప్రత్యక్ష గుడారం, అంటే ఎడారిలో గుడిలా వాడిన డేరా, కట్టడం పూర్తయినప్పుడు ‘పని సంపూర్తి చేసెను’, ‘మోషే ఆ పని అంతటినీ చూచెను’, ‘దీవించెను’ అనే మాటలు వరసగా వస్తాయి. ఆదికాండం మొదటి కథ చివరి మాటలే అవి. గుడారం ఎలా కట్టాలో దేవుడు చెప్పే భాగంలో ‘యెహోవా మోషేతో ఇట్లనెను’ అనేది ఏడుసార్లు వస్తుంది, ఏడోసారి చెప్పేది విశ్రాంతిదినం గురించి. కాబట్టి యాజకుల లెక్కలో లోకం కట్టడం, గుడారం కట్టడం ఒకే పనికి రెండు చివరలు. లోకం పూర్తయిన రోజున దేవుడు విశ్రమించాడు. గుడారం పూర్తయిన రోజున ఆయన తేజస్సు, హీబ్రూలో ‘కావోద్’, దిగివచ్చి దాన్ని నింపింది. ‘గుడారం’ అని మనం అంటున్న ‘మిష్కాన్’కు అసలు అర్థం నివసించే చోటు.

అందరూ దీనికి ఒప్పుకోలేదు. చెరలోనే, అంటే బాబిలోనుకు ఎత్తుకుపోయిన జనం మధ్యనే, ఉండి రాసిన ప్రవక్త ఒకరున్నాడు, ఆయన మాటలు యెషయా 40వ అధ్యాయం నుంచి ఉంటాయి. ‘ఆయన సొమ్మసిల్లడు, అలయడు’ అంటాడు. ఆకాశాన్ని ఒంటరిగానే పరిచానని దేవుడి చేత పలికిస్తాడు. దేవుడు ఎవరినీ సలహా అడగలేదంటాడు. విశ్రాంతి తీసుకున్నాడు, ‘నరులను చేయుదము’ అని ఎవరితోనో అన్నాడు అనే కథను పక్కన పెట్టుకుని ఇవి చదివితే, ఆ కథతోనే పేచీ పెట్టుకున్నట్టు ఉంటుంది. రెండూ ఒకే గ్రంథంలో ఉన్నాయి, ఒకదాన్ని చూసి ఇంకొకదాన్ని ఎవరూ కొట్టేయలేదు.

ఇక తోట కథ. ‘చల్లపూట తోటలో సంచరించుచున్న’ అనే చోట హీబ్రూ మాట ‘మిత్‌హల్లేఖ్’. నడవడమే కానీ అటూ ఇటూ తిరుగుతూ నడవడం. ఇదే క్రియ లేవీయకాండం 26లో ‘నేను మీ మధ్య నడిచెదను’ అన్నప్పుడు వస్తుంది. ఇశ్రాయేలీయులను ఐగుప్తు నుంచి రప్పించింది మొదలు గుడారంలోనే సంచరించానని దావీదుకు చెప్పించినప్పుడూ అదే. ఆదాముకు అప్పగించిన పని ‘సేద్యపరచడం, కాయడం’. ఆ రెండు క్రియలే సంఖ్యాకాండంలో లేవీయులు గుడారానికి చేసే సేవకు వాడారు. తోట ద్వారం తూర్పున, కాపలాకు కెరూబులు అనే రెక్కల జీవులు. గుడి ద్వారం కూడా తూర్పుకే, లోపల ఆజ్ఞల పలకలుంచిన పెట్టె, మందసం మీదా కెరూబులే.

ఈ చుక్కలన్నీ కలిపి గీత గీసినవాళ్లు క్రీ.పూ. రెండో శతాబ్దంలో ఉన్నారు. జూబిలీల గ్రంథం అని ఒకటుంది. ఆదికాండాన్ని తిరగరాసిన పుస్తకం. పూర్తిగా ఇథియోపియా భాషలో మిగిలింది, హీబ్రూ ముక్కలు మృతసముద్రం ఒడ్డున కుమ్రాన్ గుహల్లో దొరికాయి. అందులో ఏదెను తోట అతిపరిశుద్ధ స్థలం, యెహోవా నివాసం అని నేరుగానే రాశారు. ఆదామును చేసిన నలభై రోజులకు గానీ తోటలోకి తీసుకురారు, హవ్వను ఎనభై రోజులకు. ఎందుకంటే లేవీయకాండంలో ప్రసవించిన తల్లి మగబిడ్డకైతే నలభై రోజులు, ఆడబిడ్డకైతే ఎనభై రోజులు గడిస్తే తప్ప గుడిలోకి రాకూడదు. తోట గుడి అయినప్పుడు పురుటి మైల నియమం తోటకు కూడా వర్తించాల్సిందే కదా! మన ఇళ్లలో పురుడు తెలిసినవాళ్లకు ఈ తర్కం విడమరచి చెప్పక్కర్లేదు. తోటలోంచి వెళ్లగొట్టిన రోజున ఆదాము ధూపం వేస్తాడు కూడా.

అంత దగ్గరితనం చూపిన ఆ పుస్తకమే దేవుడికీ మనిషికీ మధ్య దూతల్ని నింపేసింది. మొదటిరోజే దూతలు పుట్టారు. సన్నిధి దూతలు, పవిత్రీకరణ దూతలు, గాలి దూతలు, మంచు దూతలు. మోషేకు ఈ కథంతా చెప్పేది కూడా సన్నిధి దూతే, దేవుడు కాదు. విశ్రాంతిదినాన్ని భూమ్మీద ఎవరూ పాటించకముందే పైన దేవుడితో కలిసి దూతలు పాటించారట.

తర్వాతి రబ్బీలకు ఈ ‘మొదటిరోజే దూతలు’ అన్న మాట అస్సలు పడలేదు. వాళ్ల వ్యాఖ్యానం ఆదికాండ రబ్బా, సుమారు ఐదో శతాబ్దంలో గలిలయలో కూర్చింది. అందులో రబ్బీ యోహానాన్ దూతలు రెండో రోజు పుట్టారంటాడు. రబ్బీ హనీనా ఐదో రోజు అంటాడు. ఏ రోజన్నా సరే, మొదటిరోజు మాత్రం కాదు, అక్కడ ఇద్దరూ ఒకటే. లేకపోతే ‘ఆకాశాన్ని దక్షిణాన మికాయేలు పట్టుకుంటే ఉత్తరాన గబ్రియేలు పట్టుకున్నాడు, మధ్యలో దేవుడు కొలిచాడు’ అని ఎవరైనా అంటారు. దీనికి ఆధారం కూడా మూలంలోనే దొరికింది. తెలుగు బైబిల్లో చూడండి, ‘రెండవ దినమాయెను’, ‘మూడవ దినమాయెను’ అని వస్తాయి కానీ మొదట మాత్రం ‘ఒక దినమాయెను’ అని ఉంటుంది. హీబ్రూలోనూ అంతే, ‘యోమ్ ఎఖాద్’. ఎందుకలా? రబ్బీ యూదాన్ జవాబు: ఆ రోజు దేవుడు తన లోకంలో ఒక్కడే ఉన్నాడు కాబట్టి.

అదే ‘ఒక దినము’ను పట్టుకుని అలెగ్జాండ్రియాలో ఫైలో పూర్తిగా వేరే చోటికి వెళ్లాడు. ఈయన క్రీ.పూ. 20 ప్రాంతంలో పుట్టి క్రీ.శ. 50 దాకా బతికిన యూదు తత్త్వవేత్త. ఇంటి భాష గ్రీకు, ప్లేటోను ఔపోసన పట్టినవాడు. అలెగ్జాండ్రియా యూదుల మీద దాడులు జరిగితే చక్రవర్తి కాలిగులా దగ్గరికి రాయబారం తీసుకెళ్లిన పెద్దమనిషి. ఆయన లెక్కలో ‘ఒక దినము’ అసలు రోజే కాదు. కంటికి కనబడే లోకానికి ముందు దేవుడి బుద్ధిలో ఏర్పడిన నమూనా లోకం అది. దాని చోటు లోగోస్, అంటే దేవుడి వాక్కు, వివేకం. ఫైలో ఒక పోలిక చెబుతాడు. నగరం కట్టే శిల్పి ముందు వీధులు, రేవులు, గుళ్లు అన్నీ మైనం మీద ముద్ర వేసినట్టు మనసులో వేసుకుంటాడు, ఆ తర్వాతే రాళ్ల మీద చెయ్యి వేస్తాడు. దేవుడూ అంతే. మనిషిని రెండుసార్లు చేయడం కూడా ఆయనకు చిక్కు కాలేదు. మొదటి అధ్యాయంలో మనిషి నమూనా, రెండో అధ్యాయంలో మట్టి మనిషి.

తోటలో దేవుడు నడవడం మాత్రం ఫైలోకు మింగుడుపడలేదు. దేవుడు నేల దున్ని తోటలు వేస్తాడని అనుకోవడమే మహాపాపం అంటాడు. తప్పు చేసి దాక్కున్న ఆదామును దేవుడు అడిగే ‘నీవు ఎక్కడ ఉన్నావు?’ అనే ప్రశ్న దగ్గర ఫైలో చేసిన గారడీ నాకు ఎప్పుడు చదివినా నవ్వు తెప్పిస్తుంది, ఆపైన ఆలోచనలో పడేస్తుంది. గ్రీకులో ‘పూ’ అంటే ఎక్కడ. అదే మాటను ఊనిక, అంటే పలుకులో ఒత్తు, తీసేసి పలికితే ‘ఎక్కడో ఒకచోట’ అని అర్థం. కాబట్టి ఇది ప్రశ్న కాకపోవచ్చు, చెప్పడం కావచ్చు అంటాడు. ‘ఆదామూ, దేవుడు తోటలో తిరుగుతున్నాడనీ తోట ఆయన్ని పట్టి ఉంచిందనీ అనుకుంటున్నావు. ఒకచోట ఉన్నవాడివి నువ్వు. ఆయన ఏ చోటా పట్టనివాడు, అన్నిటినీ తనలో పట్టుకున్నవాడు.’ ఒక్క ఊనిక మార్చి నడిచే దేవుణ్ణి నడకలోంచి తప్పించేశాడు.

ఇక్కడ మనవాళ్లకు వెంటనే సగుణం, నిర్గుణం గుర్తొస్తాయి. నాకూ మొదట్లో వచ్చాయి. ఆ చూపుతో కొంతదూరం పోవచ్చు కానీ అదే కొలబద్దగా పెట్టుకోకండి. ఫైలోకు కూడా దేవుడు లోకం కంటే వేరు, లోకాన్ని చేసినవాడు. లోకమే దేవుడు అనే వైపు ఆయన ఎప్పుడూ పోలేదు.

గ్రీకులోకి తోరాను మార్చినవాళ్లు కూడా చిన్న చిన్న సర్దుబాట్లు చేశారు. ఒక్కటి చెప్పి ముందుకు పోతాను. హీబ్రూలో దేవుడు ఏడో రోజున పని ముగించాడని ఉంది. మరి ఏడో రోజు కొంత పని చేసినట్టేనా? గ్రీకు అనువాదం దాన్ని ‘ఆరో రోజున’ అని మార్చేసింది. తెలుగులో ‘యేడవ దినములోగా’ అని ఉంటుంది. ఆ ‘లోగా’లో ఎంత చాకచక్యం ఉందో చూడండి!

అరామిక్ మాట్లాడే పల్లెల్లో ఇంకో పద్ధతి. సమాజమందిరంలో, అంటే యూదులు కూడి ప్రార్థించే చోట, హీబ్రూ వచనం చదివాక దాన్ని అరామిక్‌లో చెప్పేవారు. ఆ అనువాదాలను తర్గూములు అంటారు. ఒంకెలోసు తర్గూములో ఆదాము, హవ్వ విన్నది యెహోవా స్వరం కాదు, యెహోవా ‘మెమ్రా’ స్వరం. మెమ్రా అంటే మాట. నియోఫితి అనే మరో తర్గూము తప్పు పేరుతో వతికను గ్రంథాలయంలో పడి ఉంటే 1956లో అలెహాండ్రో దియెజ్ మాచో గుర్తించాడు. అందులో మొదటి వచనంలోనే జ్ఞానం వచ్చేస్తుంది, మొదటి అధ్యాయం పొడవునా మెమ్రా వస్తుంది. మెమ్రా అంటే దేవుడికి వేరుగా ఒక శక్తి అనే పండితులు ఉన్నారు, ఉత్త మర్యాద మాట అనేవాళ్లూ ఉన్నారు. నేను రెండోవైపుకే మొగ్గుతాను. మనం పెద్దవాళ్లతో ‘మీరు చెప్పారు’ అనకుండా ‘తమరి సెలవైంది’ అన్నట్టు. కాకపోతే మర్యాద మాట కూడా వాడగా వాడగా దానికో రూపం వస్తుంది, అది కాదనలేం.

‘మన స్వరూపమందు నరులను చేయుదము’ అన్న బహువచనం గురించి మీరు అడగలేదు కానీ దాన్ని వదిలేస్తే ఈ జవాబు కుంటుతుంది. మన దగ్గర సంఘాల్లో దీన్ని త్రిత్వానికి, అంటే ఒకే దేవుడిలో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే నమ్మకానికి, ఆధారంగా వినే ఉంటారు. ఆ చదువు క్రైస్తవ సంప్రదాయంలో చాలా పాతది, దాని చోట దానిది. రబ్బీలకు మాత్రం ఈ వచనం పంటికింద రాయి. ‘ఆకాశంలో రెండు అధికారాలు ఉన్నాయి’ అనేవాళ్లు దీన్నే చూపించేవారు. దూతలతో మాట్లాడాడని కొందరన్నారు. తన హృదయంతోనే మాట్లాడుకున్నాడని ఇంకొకరన్నారు. రబ్బీ షెమూయేలు బర్ నహ్మాన్ చెప్పిన కథ అన్నిటికంటే ధైర్యమైనది. మోషే తోరా రాస్తూ ఈ వచనం దగ్గరికొచ్చి ఆగిపోయాడట. ‘లోకాధిపతీ, విరోధులకు నోరు ఎందుకు ఇస్తున్నావు?’ అన్నాడట. ‘నువ్వు రాయి. తప్పుగా అనుకోవాలన్నవాడు అనుకోనీ’ అని జవాబు వచ్చింది.

ఫైలో శిల్పి గుర్తున్నాడా? ఆయనే దాదాపు రెండొందల ఏళ్ల తర్వాత పాలస్తీనాలో మళ్లీ కనిపిస్తాడు. కైసరయలో బోధించిన రబ్బీ హోషయా మాటతోనే ఆదికాండ రబ్బా మొదలవుతుంది. రాజు మేడ కట్టాలంటే తన తెలివితో కట్టడు, శిల్పిని పిలుస్తాడు. ఆ శిల్పి కూడా తన తెలివితో కట్టడు, గదులు ఎక్కడ, తలుపులు ఎక్కడ అని చూసుకోవడానికి తోలు పటాలు, పలకలు ఉంటాయి. దేవుడు అలాగే తోరాలోకి చూసి లోకాన్ని చేశాడు. ఆ పటాలకు, పలకలకు రబ్బీ వాడిన మాటలు హీబ్రూవి కావు, గ్రీకువి. సామెతలు 8లో జ్ఞానం ‘నేను ఆయనయొద్ద ప్రధానశిల్పినై’ అన్న వచనం దీనికి ఆధారం. పోలిక ఒక్కటే, తేడా చూడండి. ఫైలో దగ్గర నమూనా శిల్పి మనసులో ఉంది, అక్కడికి చేరాలంటే తత్త్వం చదవాలి. హోషయా దగ్గర నమూనా తోలు మీద రాసి ఉంది. దేవుడు చూసిన పటం, మీ ఊరి సమాజమందిరంలో గుడ్డ చుట్టి పెట్టిన తోరా చుట్ట, రెండూ ఒకటే. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేములో తిరిగి కట్టిన రెండో గుడిని కూల్చారు. 135లో రోమన్ల మీద బర్ కోఖ్బా నడిపిన తిరుగుబాటు నెత్తుటిలో ముగిసింది. యూదులు యెరూషలేములో అడుగు పెట్టడానికే వీల్లేకుండా పోయింది. చేతిలో ఇంక మిగిలింది ఆ చుట్టే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటికి వస్తున్నాను. అదే వ్యాఖ్యానంలో రబ్బీ అబ్బా బర్ కహనా ‘తోటలో సంచరించుచున్న’ అనే మాట దగ్గర ఆగుతాడు. మామూలుగా నడిచే ‘మెహల్లేఖ్’ అనలేదు, ‘మిత్‌హల్లేఖ్’ అన్నాడు, అంటే ఎగిరెగిరి పైకి పోతున్నాడు అంటాడు. నడక కాదు, వెళ్లిపోవడం. షెకీనా అంటే దేవుడి సన్నిధి, మిష్కాన్ వచ్చిన ధాతువు నుంచే వచ్చిన మాట. ఆ షెకీనా అసలు చోటు మొదట కిందనే, ఈ నేల మీదనే. ఆదాము పాపం చేస్తే మొదటి ఆకాశానికి పోయింది. కయీను చేస్తే రెండోదానికి. ఎనోషు తరం, జలప్రళయపు తరం, బాబెలు గోపురం తరం, సొదొమవాళ్లు, అబ్రాహాము నాటి ఐగుప్తీయులు, ఒక్కొక్కరి దెబ్బకు ఒక్కో అంతస్తు చొప్పున ఏడో ఆకాశానికి చేరింది. అప్పుడు అబ్రాహాము వచ్చి ఏడు నుంచి ఆరుకు దించాడు. ఇస్సాకు ఐదుకు, యాకోబు నాలుగుకు, లేవి మూడుకు, కహాతు రెండుకు, అమ్రాము ఒకటికి. చివరికి మోషే నేల మీదికి తెచ్చాడు. మోషే కాలం అంటే ప్రత్యక్ష గుడారం నిలిచిన కాలం.

మీ ‘బయటా లోపలా’ ప్రశ్నను ఈ కథ ఎలా తిప్పేసిందో గమనించారా? మొదటి అధ్యాయం దూరం, రెండో అధ్యాయం దగ్గర అని మనం అనుకుంటున్నాం. రబ్బీ అబ్బాకు దూరం పుట్టిందే రెండో కథలో, చల్లపూట. అంతకుముందు లేదు. పైగా ఆ దూరం దేవుడి స్వభావం కాదు, మనుషులు చేసిన పనుల లెక్క. ఎంత ఎక్కించారో అంత దించవచ్చు.

ఇదే గ్రంథంలో ఇంకోచోట పూర్తిగా వేరే స్వరం వినబడుతుంది. దేవుణ్ణి ‘మాకోమ్’, అంటే ‘చోటు’ అని ఎందుకు పిలుస్తాం? ఆయన లోకానికి చోటు, లోకం ఆయనకు చోటు కాదు కాబట్టి, అని రబ్బీ అమ్మీ పేర రబ్బీ హూనా చెబుతాడు. ఇది ఫైలో ఆదాముకు చెప్పించిన మాటే దాదాపు. ఎక్కుతూ దిగుతూ ఉండే షెకీనా, ఏ చోటా పట్టని మాకోమ్, రెండూ ఒకే అట్టల మధ్య ఉన్నాయి. కూర్చినవాళ్లకు ఇది కనబడలేదని నేను అనుకోను.

‘నీవు ఎక్కడ ఉన్నావు?’ దగ్గర ఆ రబ్బీలు ఏం చేశారో చెప్పి ఆపుతాను. హీబ్రూలో అది ఒక్క మాట, ‘అయ్యెకా’. హీబ్రూలో అచ్చులు రాయరు, హల్లులే రాస్తారు. అవే హల్లులను ‘ఏఖా’ అని కూడా చదవవచ్చు. ‘ఎట్లు?’ అని అర్థం. యెరూషలేము కూలిపోయాక పాడిన విలాపవాక్యముల గ్రంథం మొదటి మాట అది. రబ్బీ అబ్బాహు, తన గురువు పేరు మీద, దేవుడి చేత ఇలా అనిపిస్తాడు: ఆదామును తోటలోకి తెచ్చాను, ఆజ్ఞ ఇచ్చాను, మీరాడు, వెళ్లగొట్టాను, వాడి మీద ‘ఏఖా’ అని ఏడ్చాను. వాడి సంతతైన ఇశ్రాయేలీయులను కూడా వాళ్ల దేశంలోకి తెచ్చాను, ఆజ్ఞ ఇచ్చాను, మీరారు, వెళ్లగొట్టాను, వాళ్ల మీదా ‘ఏఖా’ అని ఏడ్చాను. ఫైలో ఒక ఊనిక మార్చి ఆ ప్రశ్నను పాఠం చేశాడు. వీళ్లు అచ్చులు మార్చి ఏడుపు చేశారు. హల్లులు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.